యూఎన్‌డీపీ ‘జర్నీ టు ఎక్స్‌ట్రీమిజమ్ ఇన్ ఆఫ్రికా’ నివేదికలు: శ్రీకాకుళం పాఠకుడి సమీక్ష

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంటే మనం పత్రికల్లో యూఎన్‌డీపీ అని చదివే సంస్థ, ఆఫ్రికాలో సాయుధ తీవ్రవాద ముఠాల్లో చేరినవారిని నేరుగా కలిసి, ఎందుకు చేరారో వారి నోటితోనే చెప్పించి, ఆ జవాబులను రెండు నివేదికలుగా ప్రచురించింది. మొదటిది 2017 సెప్టెంబరులోనూ, రెండోది 2023 ఫిబ్రవరిలోనూ వెలువడ్డాయి. రెండూ ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. శ్రీకాకుళంలో గ్రూప్స్, సివిల్స్ పరీక్షలకు సిద్ధమవుతున్న కొందరు విద్యార్థులతో కలిసి ఈ రెండింటినీ మొదటి నుంచి చివరి దాకా చదివాను. సివిల్స్ మెయిన్స్ మూడో జనరల్ స్టడీస్ పేపరులో అభివృద్ధికీ తీవ్రవాద వ్యాప్తికీ ఉన్న సంబంధం అనే అంశం ఉంది. దాని కోసం పిల్లలు బజారులో దొరికే గైడులను బట్టీ పడుతుండగా చూసి, అసలు సరుకు ఎలా ఉంటుందో చూపిద్దామని ఈ పని మొదలుపెట్టాను. పరీక్ష మాట ఎలా ఉన్నా, ఒకప్పుడు గిరిజన సాయుధ పోరాటం నడిచిన ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ నివేదికలు చదవడానికి అంతకంటే పెద్ద కారణమే ఉందని నా నమ్మకం.

ముందు వస్తువు సంగతి. ఫోనులో వీటిని చదవడం దాదాపు అసాధ్యం. పేజీ మొత్తం రెండు వరుసలుగా, మధ్యమధ్య పెట్టెలు, పటాలు, పాదసూచికలతో నిండి ఉంటుంది కాబట్టి పెద్దది చేసుకుంటే వరుస తప్పుతుంది, చిన్నది చేసుకుంటే అక్షరం కనబడదు. మేము ఏడు రోడ్ల కూడలి దగ్గర జిరాక్సు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకున్నాం. ఖర్చు కలిసివస్తుందని మొత్తం నలుపు తెలుపులో తీయించేస్తే మాత్రం చిక్కే. ఏ కారణానికి ఎంత శాతం అన్నది చూపే పట్టీలన్నీ రంగుల తేడా మీదే ఆధారపడి ఉంటాయి, నలుపు తెలుపులో అవన్నీ ఒకే బూడిదరంగులోకి మారిపోతాయి. పటాలున్న పేజీల వరకు రంగుల్లో తీయించుకుని, మిగిలినవి మామూలుగా తీయించుకుంటే సరిపోతుంది. భాష ఇంగ్లీషే అయినా వాక్యాలు మరీ కఠినంగా లేవు. డిగ్రీ చదివిన విద్యార్థి నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుకోగలడు. అయితే గణాంక పద్ధతిని వివరించే భాగం దగ్గర మాత్రం తెలిసినవారి సాయం కావాలి.

మొదటి నివేదిక కోసం మొత్తం 718 మందిని కలిశారు. వారిలో 495 మంది తమంతట తాము ముఠాల్లో చేరినవారు, 78 మంది బలవంతంగా చేర్చబడినవారు, మిగిలిన 145 మంది అవే రకం ప్రాంతాల్లో ఉంటూ కూడా చేరనివారు. నా దృష్టిలో ఈ నివేదిక విలువంతా ఆ చివరి 145 మందిలో ఉంది. తుపాకి పట్టినవాడిని అడిగితే పేదరికం అంటాడు, నిరుద్యోగం అంటాడు, అవమానం అంటాడు. అవన్నీ నిజమే కావచ్చు. కాని అదే ఊళ్లో, అదే పేదరికంలో, అదే నిరుద్యోగంలో ఉండి కూడా చేరని పక్కింటివాడిని అడగకుండా ఏది కారణమో, ఏది కాదో తేల్చడం సాధ్యం కాదు. మన దగ్గర ఈ విషయం మీద వచ్చే వ్యాసాల్లో నూటికి తొంభై ఈ రెండోవాడిని పట్టించుకోవు. ఉద్దానం నుంచి, తీరప్రాంత మత్స్యకార గ్రామాల నుంచి కుర్రాళ్లు పని కోసం హైదరాబాదుకూ, చెన్నైకీ, గుజరాత్ తీరానికీ వలస వెళ్తున్నారు. పని లేకపోవడం అనే ఒక్క కారణమే మనిషిని హింసలోకి నెట్టేదైతే ఈ జిల్లాలో ఇన్ని వలస బస్సులు ఉండేవి కావు. పేదరికానికి మరేదో తోడవ్వాలి. ఆ తోడయ్యేది ఏమిటన్నదే ఈ రెండు నివేదికలూ వెతికిన ప్రశ్న.

వాటికి దొరికిన సమాధానం అంచెలంచెలుగా ఉంటుంది. మొదటి అంచె పుట్టిన చోటు. చేరినవారిలో ఎక్కువమంది దేశపు అంచుల్లో, సరిహద్దు ప్రాంతాల్లో, తరతరాలుగా ప్రభుత్వం ముఖం చూడని చోట్ల పుట్టినవారు. రెండోది బాల్యం. తల్లిదండ్రుల ఆలనాపాలనా అందనివారు, చిన్నతనం సుఖంగా గడవలేదని చెప్పినవారు వీరిలో ఎక్కువ. మూడోది ప్రభుత్వం మీద అపనమ్మకం. తమ ప్రభుత్వం కొద్దిమంది ప్రయోజనాలనే చూస్తుందని 83 శాతం చెప్పారు. రాజకీయ నాయకుల మీద గాని, భద్రతా దళాల మీద గాని నమ్మకం లేదన్నవారు నూటికి డెబ్భై అయిదుకు పైనే. ఇన్ని అంచెలు దాటిన తర్వాత కూడా మనిషి ఇంకా ఇంట్లోనే ఉంటాడు. అతణ్ని గడప దాటించేది ఒక సంఘటన. ఆ సంఘటన ఏమిటని అడిగినప్పుడు 71 శాతం మంది ప్రభుత్వ చర్య అనే సమాధానం ఇచ్చారు. తన అన్నను చంపడం, స్నేహితుణ్ని అరెస్టు చేయడం వంటివి అందులోకి వస్తాయి. నైజీరియాలో బోకో హరామ్ వ్యవస్థాపకుడు మహమ్మద్ యూసుఫ్ 2009 జులైలో మైదుగురి నగరంలో పోలీసు కస్టడీలో చనిపోయిన తర్వాతే ఆ ముఠా పూర్తిస్థాయి తిరుగుబాటుగా మారిందన్న చరిత్ర తెలిసినవారికి ఈ అంకె ఆశ్చర్యం కలిగించదు.

2023 నివేదిక ఇంకా విస్తృతమైనది. బుర్కినా ఫాసో, కామెరూన్, చాద్, మాలి, నైజర్, నైజీరియా, సోమాలియా, సూడాన్ అనే ఎనిమిది దేశాల్లో దాదాపు 2,200 మందిని కలిశారు. వారిలో వెయ్యి మందికి పైగా ఒకప్పుడు ముఠాల్లో ఉన్నవారే. ఈ రెండో నివేదిక చదువుతున్నప్పుడే మా బృందంలో మంచి చర్చ జరిగింది. ఇందులోనూ 71 శాతం అనే అంకె కనిపిస్తుంది. సీతంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకుని చదువుకుంటున్న ఒక అమ్మాయి, “మేష్టారూ, ఈ డెబ్భై ఒకటి ఎంతమందిలో డెబ్భై ఒకటండీ?” అని అడిగింది. వెనక్కి తిరగేసి చూస్తే విషయం తేటపడింది. ఫలానా సంఘటన వల్లే చేరామని స్పష్టంగా చెప్పినవారు, తమంతట తాము చేరినవారిలో 48 శాతమే. ఆ 48 శాతంలో 71 శాతం మంది మానవ హక్కుల ఉల్లంఘనను, ఎక్కువ సందర్భాల్లో భద్రతా దళాలు చేసినదాన్ని, కారణంగా చూపారు. ఆ అమ్మాయి పేజీ అంచున పెన్సిలుతో గుణించి 34 అని వేసి, కింద గీత గీసింది. అంటే మొత్తం మీద చూస్తే మూడింట ఒక వంతు. మూడింట ఒక వంతు కూడా చిన్న మాటేమీ కాదు, అది ఏ ప్రభుత్వాన్నయినా నిద్ర లేపవలసిన అంకె. అయితే పత్రికా ప్రకటనలు చూసి ‘నూటికి డెబ్భై ఒక్కమంది’ అని రాసేసేవారు చాలామంది ఉన్నారు కాబట్టి, ఈ నివేదికను చేతపట్టిన ప్రతివారూ ఆ పేజీ దగ్గర కాసేపు ఆగాలి.

ఇదే జాగ్రత్త మతం గురించిన అంకెల దగ్గర కూడా అవసరం. 57 అనే సంఖ్య రెండు నివేదికల్లోనూ ఉంది, రెండు చోట్లా దాని అర్థం వేరు. 2017లో, మత గ్రంథాల గురించి తమకు తెలిసింది బహు కొద్ది అనో, అసలు చదవనే లేదనో ఒప్పుకున్నవారు 57 శాతం. 2023లో, మతమే ప్రధాన కారణమని చెప్పినవారు 17 శాతానికి పడిపోయారు, అది మొదటి నివేదికతో పోలిస్తే 57 శాతం తగ్గుదల. అదే సమయంలో ఉద్యోగావకాశం కోసమే చేరామన్నవారు 25 శాతానికి చేరారు, అది 92 శాతం పెరుగుదల. కుటుంబ సభ్యులతోనో స్నేహితులతోనో కలిసి ఉండాలని చేరినవారు 22 శాతం. ఈ పెరుగుదల తగ్గుదలలను నివేదిక కొంచెం ఎక్కువ ఉత్సాహంతో చెబుతుందని నాకనిపించింది. మొదటిసారి కెన్యా ఉంది, రెండోసారి లేదు. రెండోసారి బుర్కినా ఫాసో, మాలి వచ్చి చేరాయి. అడిగిన దేశాలే మారినప్పుడు మారింది జనం మనసా, జనమా అన్న ప్రశ్నకు నివేదిక ఇంకా విపులంగా జవాబు చెప్పవలసింది. అయినా 2017 నివేదికలోని ఒక ఫలితాన్ని మాత్రం నేను ప్రత్యేకంగా ఎత్తి చూపుతాను. కనీసం ఆరేళ్లు మత విద్య అందుకున్నవారు ఇలాంటి ముఠాల్లో చేరే అవకాశం 32 శాతం వరకు తగ్గుతుందని అందులో తేలింది. మతం చదువుకున్నవాడికంటే మతం పేరు మాత్రమే విన్నవాణ్నే సులువుగా లాక్కుపోగలరు. ఒక మతాన్ని పట్టుకుని మొత్తం హింసను దానికి అంటగట్టే చర్చలు మన దగ్గరా నడుస్తున్న రోజుల్లో ఈ ఒక్క పేజీ చదివించినా చాలు.

చేర్చుకునే విధానం గురించి కూడా మొదటి నివేదికలో విలువైన విషయాలున్నాయి. ఇంటర్నెట్ వీడియోలు చూసి చేరారన్న అభిప్రాయం పాశ్చాత్య దేశాల నుంచి వచ్చింది. ఈ ప్రాంతాల్లో మాత్రం చేర్చుకోవడం మనిషి ద్వారానే, తెలిసిన ముఖం ద్వారానే జరిగింది. ముఠాతో పరిచయమైన ఏడాదిలోపే చేరినవారు 80 శాతం. అది చదివినప్పుడు నా మనసు మన జిల్లా మీదికి పోయింది. బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ అనే జానపద కళతో ఊరూరా తిరిగి శ్రీకాకుళ గిరిజన ఉద్యమాన్ని జనంలోకి తీసుకెళ్లారు. ఇక్కడా ముద్రించిన కరపత్రాలకంటే ఇంటి అరుగు మీద వినిపించిన గొంతే ఎక్కువ పని చేసింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 1967-70 నాటి శ్రీకాకుళ గిరిజన పోరాటాన్నీ, సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ ప్రాంతంలోనూ సోమాలియాలోనూ పౌరులను బాంబులతో చంపే ముఠాలనూ నేను ఒకే గాటన కట్టడం లేదు. లక్ష్యాలు వేరు, కాలం వేరు, మనుషులు వేరు. కాని సాధారణ కుటుంబాల మనుషులు ఏ దారిలో తుపాకి దాకా వెళ్తారన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఒకటే. ఆ ప్రశ్నకు మన నేల మీద దొరికే జవాబుతో పోల్చి చూసినప్పుడే ఈ నివేదికల్లో లోటు ఎక్కడుందో నాకు కనిపించింది.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో జరిగే గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్నవారి మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేశారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. తర్వాత కోర్టు నిందితులను విడిచిపెట్టింది. 1968 నవంబరు 25న గరుడభద్రలో భూస్వామి పొలంలో పంట కోతతో ఉద్యమం సాయుధ దశలోకి మళ్లింది. యూఎన్‌డీపీ ప్రశ్నావళి ప్రకారం చూస్తే ‘గడప దాటించిన సంఘటన’లో ఇక్కడ చంపినది ప్రభుత్వం కాదు, ప్రైవేటు మనుషులు. ప్రభుత్వం చేసిందల్లా న్యాయం చేయకపోవడం. చేసిన అన్యాయానికి నివేదికలో గడి ఉంది కాని, చేయని న్యాయానికి తగినంత చోటు లేదు. నా వరకు ఈ నివేదికల్లో ప్రధానమైన కొరత ఇదే. సైనికుడు కాల్చిన తూటాను లెక్కపెట్టడం సులువు. కోర్టు మెట్ల మీది నుంచి ఉత్తచేతులతో తిరిగివచ్చిన మనిషిలో ఏం మారిందో లెక్కపెట్టడం కష్టం. అయినా అడగవలసిన ప్రశ్న అదే.

రెండో కొరత భూమి, అప్పు. షావుకారు దగ్గర తీసుకున్న కొద్దిపాటి అప్పుకు భూమి పోవడం, ఆ భూమిలోనే కంబారిగా, అంటే పాలేరుగా, చాకిరీ చేయవలసి రావడం, అడవి నుంచి తెచ్చిన చింతపండుకు షావుకారు చెప్పిందే ధర కావడం, పోడు కొట్టుకున్నందుకు అటవీ సిబ్బందికి మామూళ్లు ఇచ్చుకోవలసి రావడం, ఇవన్నీ కలిసి జాతాపు, సవర గిరిజనుల పల్లెలను కదిలించాయి. నివేదికల్లో ‘ఆర్థిక అసంతృప్తి’ అనే ఒక్క మాటలో ఇమిడిపోయేది ఇంత ఉంటుంది. 2017లో 55 శాతం మంది తమ ఆర్థిక పరిస్థితి మీద నిరాశ వెలిబుచ్చారని రాశారు. బాగానే ఉంది, కాని ఎవరికి బాకీ, ఏ భూమి, ఏ సంతలో ఏ ధర అన్న వివరం నాకు తృప్తి కలిగేంతగా లేదు. ఈ విషయంలో, తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో అభివృద్ధి సమస్యల మీద 2008లో మన ప్రణాళికా సంఘం ప్రచురించిన నిపుణుల బృందం నివేదిక చాలా మెరుగు. డి. బందోపాధ్యాయ అధ్యక్షత వహించిన ఆ బృందంలో మన పౌరహక్కుల నేత కె. బాలగోపాల్ ఉన్నారు, గిరిజన హక్కుల కోసం పనిచేసిన మాజీ ఐఏఎస్ అధికారి బి.డి. శర్మ ఉన్నారు, పోలీసు శాఖలో ఉన్నత పదవులు చేసిన ప్రకాశ్ సింగ్ కూడా ఉన్నారు. అటూ ఇటూ నిలబడి చూసినవారంతా ఒక బల్ల చుట్టూ కూర్చుని రాసినది కాబట్టి అందులో భూమి, అడవి, నిర్వాసితుల సమస్య లోతుగా కనిపిస్తాయి. యూఎన్‌డీపీ నివేదికను దానితో కలిపి చదవమని నా సలహా. ఒకటి మనిషి మనసును చూపిస్తుంది, రెండోది అతని కాళ్ల కింది నేలను చూపిస్తుంది.

చదువు గురించి 2023 నివేదిక చెప్పిన మాట మా చర్చల్లో ఎక్కువసేపు నలిగింది. ఒక్క ఏడాది అదనపు చదువు, స్వచ్ఛందంగా చేరే అవకాశాన్ని 13 శాతం తగ్గిస్తుందట. ఇది వినగానే ఒక కుర్రవాడు, శ్రీకాకుళ పోరాట నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ ఉపాధ్యాయులే కదా అని అడిగాడు. నిజమే. 1970 జులైలో బోరి కొండల్లో చనిపోయిన ఆ ఇద్దరూ బడి పంతుళ్లు. మరో నాయకుడు పంచాది కృష్ణమూర్తి కూడా చదువుకున్నవాడే. నివేదిక లెక్క వరుసలో నిలబడి చేరేవారిది. వరుసను నడిపించేవారి లెక్క వేరు. చదువు ఒకరిని దూరంగా ఉంచవచ్చు, మరొకరికి అన్యాయాన్ని చూసే కన్ను ఇవ్వవచ్చు. 13 శాతం అంకె తప్పని నేను అనడం లేదు. అది నాయకత్వానికి వర్తించదని, ఆ తేడాను నివేదిక విడదీసి చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం అంటున్నాను. ఆశ్రమ పాఠశాలలు పెంచితే సమస్య తీరిపోతుందని ఈ అంకె ఆధారంగా వ్యాసం రాసే విద్యార్థులకు ఇది తప్పక చెప్పాలి.

పరిశోధన పద్ధతిలో ఉన్న పరిమితులను కూడా కొనేవారికి, అంటే చదివేవారికి, చెప్పడం ధర్మం. ఇంటర్వ్యూ ఇచ్చినవారిలో చాలామంది జైళ్లలో, పునరావాస కేంద్రాల్లో ఉన్నవారు. అడవిలో ఇంకా ఉన్నవాణ్ని, చనిపోయినవాణ్ని అడగడం ఎవరికీ సాధ్యం కాదు. పైగా ఏళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూసుకుని చెప్పే కారణం, ఆనాడు నిజంగా ఉన్న కారణం ఒకటే కావాలని లేదు. శిక్ష తగ్గుతుందన్న ఆశ ఉన్నవాడికి, డబ్బు కోసం చేరానని చెప్పడం, నమ్మి చేరానని చెప్పడం కంటే తేలిక. ఈ చిక్కులను రెండు నివేదికలూ దాచలేదు, అది వాటి నిజాయితీ. మొదటిదానిలో ఆడవాళ్ల గొంతు బాగా తక్కువ. రెండోదానిలో స్త్రీపురుషుల జవాబులను విడివిడిగా చూపే ప్రయత్నం జరిగింది.

రెండో నివేదికలో నాకు అన్నిటికంటే నచ్చింది బయటికి వచ్చే దారి గురించిన అధ్యాయం. చేరడం మీద వంద పుస్తకాలు దొరుకుతాయి, వదిలిరావడం మీద దొరికేది తక్కువ. డబ్బు విషయంలో పెట్టుకున్న ఆశలు తీరకపోవడం, నాయకుల మీద నమ్మకం పోవడం ప్రధాన కారణాలని అందులో ఉంది. స్వయంగా విసిగి బయటికి వచ్చినవారు తిరిగి చేరే అవకాశం తక్కువ. లొంగిపోయినవారికి ఏం ఇవ్వాలన్న విషయం మీద పనిచేసే అధికారులు ఈ అధ్యాయం ఒక్కటైనా చదవాలి. మన దగ్గరికి వస్తే, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీని పూర్తిగా నిషేధిస్తూ 1959 నాటి చట్టానికి చేసిన సవరణ, అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచేది, ఉద్యమం నడుస్తున్న 1970లోనే వచ్చింది. తుపాకులతో అణచివేత ఒక పక్క, ఆలస్యంగానైనా అసలు ఫిర్యాదుకు చట్టం మరో పక్క నడిచాయి. ఈ రెండింటిలో దేని వల్ల ఎంత ఫలితం వచ్చిందో విడదీసి చూసే అధ్యయనాలకు ఈ నివేదికలు చూపిన పద్ధతి, అంటే చేరినవారినీ చేరనివారినీ పక్కపక్కన కూర్చోబెట్టి అడిగే పద్ధతి, మంచి నమూనా. పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీలో ఆనాటి తరం పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. విశ్వవిద్యాలయాలు ఆ పని త్వరగా మొదలుపెట్టాలని నా కోరిక.

ఎవరికి పనికివస్తాయంటే, పోటీ పరీక్షల విద్యార్థులకు 2023 నివేదిక ముందుభాగంలోని సారాంశం, మొదటి నివేదికలోని ‘గడప దాటించిన సంఘటన’ అధ్యాయం చాలు. రాజనీతిశాస్త్రం, సామాజికశాస్త్రం చెప్పే అధ్యాపకులు పద్ధతిని వివరించే భాగంతో సహా పూర్తిగా చదవాలి. విలేఖరులు అంకెలు వాడేముందు, ఆ శాతం ఎంతమందిలో శాతమో పటం కింద చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం చూసి తీరాలి. రెండు నివేదికలకూ తెలుగు అనువాదం లేకపోవడం పెద్ద లోటు. కనీసం ముప్పై పేజీల తెలుగు సారాంశం ఉన్నా గ్రంథాలయాల్లో పెట్టించవచ్చు. క్రమం విషయంలో నా సలహా 2017 నివేదికతో మొదలుపెట్టమనే, ఎందుకంటే రెండోదానిలోని పోలికలన్నీ మొదటిది తెలుసునన్న ఊహతోనే రాశారు. సమయం లేక ఒక్కటే చదవదలిస్తే మాత్రం 2023దే తీసుకోండి, పటాల పేజీలు రంగుల్లో తీయించుకోండి.